అరగంటలో ఊగిపోయిన అపోలో

అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ కచేరీ ఆల్బమ్ 'లైవ్ ఎట్ ది అపోలో' నిన్న రాత్రి ఒక్కసారి విందామని పెట్టి మూడుసార్లు విన్నాను, మొత్తం అరగంటే కదా మరి.

1962 అక్టోబర్ 24న న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో రికార్డు చేశారు. జనం ఇదివరకే కొన్న పాటల్ని లైవ్‌లో మళ్లీ ఎవరు కొంటారని ఆయన రికార్డులు తెచ్చే కంపెనీ కింగ్ రికార్డ్స్ యజమాని సిడ్ నాథన్ డబ్బు పెట్టనన్నాడు. బ్రౌన్ తన జేబులోంచే పెట్టుకున్నాడు. 1963లో విడుదలయ్యాక అది అమెరికాలో ఆల్బమ్‌లకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లి, మొత్తం 66 వారాలు ఆ చార్టులో ఉంది. రేడియో వాళ్లయితే ఒక్కో పాట కాదు, రికార్డులో సైడుకి సైడే వేసేవాళ్లట.

మొదట్లో బ్రౌన్‌ని పరిచయం చేస్తూ ఫ్యాట్స్ గాండర్ ఒక్కో హిట్ పేరు చెబుతుంటే ప్రతి పేరుకీ బ్యాండు ఒక మెట్టు పైకెక్కుతుంది, అక్కడే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇక 'లాస్ట్ సమ్‌వన్' పాట పది నిమిషాల పైనే. వెనకాల ఒకే ముక్క తిరుగుతుంటే బ్రౌన్ చర్చిలో బోధకుడిలా గొంతు తగ్గిస్తాడు, బతిమాలతాడు, ఆగుతాడు, ఆ సందులో జనంలోంచి ఎవరో ఆవిడ కేక పెడుతుంది, హాలంతా నవ్వుతుంది. ఆ కేకలు తీసేస్తే సగం రికార్డు పోయినట్టే.

ఇది ఇంకా సోలే (చర్చి పాటల ఛాయ ఉన్న సంగీతం), ఫంక్ (తాళమే ముందుండే సంగీతం) కాదు, ఆ ఫంక్ మరో రెండు మూడేళ్లకి. కానీ ట్రంపెట్, శాక్సఫోన్ లాంటి హారన్లు డ్రమ్ముల్లా కొట్టడం వింటే ఎటు పోతున్నాడో తెలిసిపోతుంది. ఇయర్‌ఫోన్స్‌లో వద్దు, స్పీకర్లో పెట్టండి, పక్కింటి వాళ్లు ఏమన్నా అనుకోనీ.