తోపు మాత్ర

చెన్నై సైదాపేటలో మటన్ కొట్టు అన్నకి నేనంటే జాలి. ఇంత చదువుకున్న పిల్ల వారం వారం వచ్చి వట్టి గుండెకాయలే పట్టుకెళ్తుందేంటి, ఒక్కసారైనా అరకిలో మాంసం కొనదేంటి అని. మొదట్లో అలవాటు కొద్దీ నిలువునా ఒక గాటు పెట్టి, శుభ్రంగా కడిగి ఇచ్చేవాడు. "వెట్టాదీంగ అణ్ణా!" (కొయ్యకండన్నా) అని నేను అరిస్తే కత్తి గాల్లో ఆగిపోయేది. ఇప్పుడు నా మొహం కనపడితే చాలు, కొయ్యనివి రెండు తీసి పక్కన పెడతాడు. సూప్ బాగా వస్తోందా అని అడుగుతాడు. వస్తోందనే చెప్తాను. యూనివర్సిటీ, లేజరు, రక్తనాళం అని నాకొచ్చిన తమిళంలో మొదలుపెడితే వెనకున్న జనం ఊరుకోరు.

వాటిని ఐసు పెట్టెలో సర్దుకుని ఆటోలో ల్యాబ్‌కి వస్తాను. గుండె ముందువైపు పాకే నాళం, డాక్టర్లు ఎల్‌ఏడీ అనేది, జాగ్రత్తగా విడదీసి సన్న సూదితో దాని గోడలోకి వెన్న ఎక్కిస్తాను. కసాయి కొట్టుకొచ్చే మేకకి మనలాగా నాళాల్లో కొవ్వు పేరుకుని ఉండదు. పేరుకున్నట్టు మనమే చెయ్యాలి. మొదటి నమూనా అమ్మ ఒంగోలు నించి పంపిన వెన్నతోనే చేశాను. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ తెలీదు.

తర్వాత ఓసీటీ, అంటే వెలుగుతో నాళం గోడ లోపలి పొరల బొమ్మ తియ్యడం. ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ అని పూర్తి పేరు. 1991లో అమెరికాలో ఎంఐటీ బృందం బయటపెట్టిన పద్ధతి. ముందు కంటి డాక్టర్లు అందుకున్నారు, గుండెవాళ్ళు తర్వాత వచ్చారు. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులు తేలుతుంది చూడండి, మా యంత్రం బతికేది కూడా అదే సూత్రం మీద. కంటికి కనపడని పరారుణ కాంతిని రెండుగా చీల్చి, ఒకటి అద్దానికి, ఒకటి నాళం గోడకి పంపుతాం. తిరిగొచ్చిన రెండూ కలిసిన చోట పుట్టే తరంగాల లెక్కని బట్టి ఏ పొర ఎంత లోతులో ఉందో తేలుతుంది. సుమారు 10 మైక్రాన్ల తేడా పట్టేస్తుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నాళంలోకి దూర్చే అల్ట్రాసౌండ్ గొట్టం అయితే 100 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది.

కాకపోతే వెలుగుకి నెత్తురంటే పడదు. ఎర్ర కణాలు దాన్ని చెల్లాచెదురు చేసేస్తాయి. అందుకే ఆసుపత్రిలో బొమ్మ తీసే కొద్ది సెకన్లూ నాళంలోకి కాంట్రాస్ట్ మందు తోసి నెత్తుటిని పక్కకి నెడతారు. మా మేక గుండెలో నెత్తురే ఉండదు కాబట్టి మా బొమ్మలు పెళ్ళి ఆల్బమ్‌లా వస్తాయి. సెమినార్లలో ఈ ముక్క కాస్త గొంతు తగ్గించి చెప్తాం.

ఇక బంగారం. నాళం గోడలో వాపున్న చోటుని వెలుగులో పట్టించడానికి బంగారు నానో కణాలు, అంటే కంటికి ఆనని బుల్లి రేణువులు, వాడాలని మా ప్రయత్నం. వాటిని తయారుచెయ్యడం నా వాటా పని. గోల్డ్ క్లోరైడు ఒక్క గ్రాము బుల్లి సీసాలో వస్తుంది. అందులో బంగారం సగమే. స్టీలు చెంచా తగిలిందా, చెంచా పాడు, బంగారమూ పాడు. చెన్నై గాలికి మూత తీసి పెడితే చూస్తూండగా పాకంలా కారుతుంది. నీళ్ళలో కలిపి మరిగించి, సిట్రేటు పోస్తే ముందు రంగు పోతుంది, తర్వాత నల్లబడుతుంది, తర్వాత దానిమ్మ రసంలా ఎర్రబడుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ ఎరుపు తేలే క్షణంలో పక్కన ఎవరు పిలిచినా నాకు వినపడదు. 1857లో శాస్త్రవేత్త ఫారడే చేసిన ఎర్ర బంగారపు నీళ్ళు లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. నేను కిందటి మేలో చేసినవి రెండు రోజులుండి నీలమైపోయాయి. ఫ్లాస్కుని ఆక్వా రీజియాతో, అంటే బంగారాన్ని కూడా కరిగించే ఆమ్లాల మిశ్రమంతో, కడగాల్సింది, ఏసీ ఆగిపోయిన గదిలో కత్తిరి ఎండకి చిరాకుపడి సబ్బుతో సరిపెట్టాను. తప్పు నాదే.

ఫ్లాస్కు శుభ్రంగా ఉన్నా అసలు చిక్కు ఉప్పు. కణాల మీద ఏ పూతా లేకుండా సెలైన్‌లో వేస్తే ఒకదానికొకటి అంటుకుని అక్కడే నీలంగా మారతాయి. మన ఒంట్లో ఉన్నదంతా ఉప్పు నీరే కదా. అందుకని పాలిథిలీన్ గ్లైకాల్ తొడుగు వేస్తాం. అది తొడిగినా చాలావరకు లివరూ ప్లీహమూ ఏరుకుపోతాయి. మాకు కావలసింది మాక్రోఫేజులు, అంటే ఒంట్లో చెత్తని మింగే రక్షక కణాలు, వాటిని మింగడం. కొవ్వు పేరుకున్న చోట వాపు ఉంటే ఆ కణాలు అక్కడికి చేరతాయి, బంగారం మింగి ఉంటే వెలుగులో దొరికిపోతాయి. గాజు పళ్ళెంలో పెంచిన కణాలు చక్కగా మింగుతున్నాయి. మనిషి గుండె దాకా వెళ్ళడానికి నా పీహెచ్‌డీ చాలదు, నా తర్వాత వచ్చే ఇద్దరిదీ చాలకపోవచ్చు.

నాన్నకి ఇదంతా చెప్పడం నావల్ల కాలేదు. రెండేళ్ళ కిందట ఆయనకి స్టెంట్ వేశారు. అప్పటినించి పదో తరగతి మార్కులు చెప్పినట్టు చెప్పుకుంటారు, "ఒకటి తొంభై శాతం, అది తెరిచారు. ఇంకోటి నలభై, దానికేం భయం లేదన్నారు." ఆయన్ని నిశ్చింతగా ఉంచిన ఆ నలభయ్యే నాకు నిద్ర పట్టనివ్వదు. యాంజియోగ్రామ్‌లో కనపడేది నాళం లోపలి దారి ఎంత సన్నబడిందన్నదే, గోడ సంగతి కాదు. పెద్దగా అడ్డుపడని కొవ్వు గడ్డ మీది పొర చిట్లి, అక్కడ నెత్తురు గడ్డకట్టి వచ్చిన గుండెపోట్లు బోలెడు. 65 మైక్రాన్ల కంటే పలచగా ఉంటే ఆ పొరని ప్రమాదం కింద లెక్క వేస్తారు. దాదాపు ఒక వెంట్రుక మందం.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు వంటింట్లో గడప మీద కూర్చుని ఇదే చెప్పబోయాను. నాన్న పేపరు లోంచి తల ఎత్తలేదు. అమ్మ మాత్రం బూరెలు వేస్తూ వింటోంది. పూర్ణాన్ని ముంచే తోపుపిండి జారుగా కలిసిందేమో, మూకుట్లో ఒకటి టప్పుమని పగిలి పూర్ణం నూనెంతా చిమ్మింది. "అమ్మా, ఇదే!" అన్నాను. "లోపల పూర్ణం కొవ్వు. పైన తోపు పలచనైతే ఇలాగే."

అమ్మ చిల్లుల గరిటె పక్కన పెట్టి నూనె వైపు చూసింది. "పెద్ద బూరె అయినా తోపు మందంగా ఉంటే పగలదు. చిన్నదైనా పలచనైతే పగుల్తుంది."

మా గైడ్ గారు మొదటి సెమిస్టర్‌లో నాలుగు క్లాసులు తీసుకున్న విషయం అది.

"మరి మీ నాన్నది ఎంత మందం?"

తెలీదన్నాను. ఆ రెండో దాన్ని ఓసీటీతో చూడలేదు, ఊరికే చూద్దామని ఎవరూ గొట్టం దూర్చరు కూడా.

"తోపు మందం చేసే మందేదన్నా ఉందా?"

ఉంది. బంగారమూ కాదు, లేజరూ కాదు. కొలెస్ట్రాల్ తగ్గడానికి రాత్రి పూట వేసుకోమని రాసిచ్చిన స్టాటిన్ మాత్ర. అది వాడుతున్నవాళ్ళ నాళాలని ఓసీటీతో మళ్ళీ చూస్తే పై పొర మందమైనట్టు కనిపించింది. అది చెప్తూ మందుల డబ్బా తెరిచాను. మిగతా పట్టీలన్నీ సగం సగం ఖాళీ, దానిది మాత్రం నిండుగా ఉంది. కొలెస్ట్రాల్ నార్మల్‌కి వచ్చిందని నాన్న రెండు నెలలుగా మానేశారట. డాక్టరు ఆపమన్నారా అంటే, "ఆయనేం అన్లేదులేమ్మా, నేనే" అన్నారు, ఇప్పుడు పేపరు పక్కన పెట్టి. మర్నాడు ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. రోజూ వెయ్యాల్సిందేనన్నారు.

నిన్న రాత్రి ఫోన్ చేశాను. నాన్న కొత్త కంపెనీ వెన్న ఎలా ఉందో అడుగుతున్నారు, ల్యాబ్‌కి తెచ్చిందని తెలీక. వెనకనించి అమ్మ గొంతు వినపడింది.

"ఏమండీ, తోపు మాత్ర వేసుకున్నారా?"

"వేసుకుంటున్నానే బాబూ, పిల్లతో మాట్లాడనీ."

"ముందు వేసుకోండి. తర్వాత మాట్లాడుదురు."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, తర్వాత గ్లాసులో నీళ్ళు పోస్తున్న చప్పుడు.