పరుపులో దాక్కునే నిప్పు

సిగరెట్ వల్ల ఇల్లు కాలిందంటే భగ్గున అంటుకుందనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. పడుకుని కాలుస్తూ కునుకు తీస్తే పీక దూది పరుపు మీద పడుతుంది. నిప్పు కొన దగ్గర వేడి సుమారు 700 డిగ్రీలు. దూది మంట లేకుండానే లోలోపల గంటల తరబడి రాజుకుంటుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకి మెలకువే రాదు. మద్యం పుచ్చుకుని ఉంటే మరీను.

చెంబెడు నీళ్లు పోసి ఆరిపోయిందనుకోవడమే అసలు పొరపాటు. పైన తడుస్తుంది, లోపల నిప్పు అలాగే ఉంటుంది. పొగ సన్నగానే ఉంటే బకెట్లతో తడిపి, ఆరుబయటికి చేర్చి, చీల్చి మళ్లీ తడపాలి. ఆ రాత్రికి దాన్ని ఇంట్లోకి తేవద్దు. మంట కనిపిస్తే మాత్రం పరుపు జోలికి పోకుండా అందరూ బయటికొచ్చి 101కి ఫోన్ చేయడమే.

పీకలకి లోతైన స్టీలు డబ్బా, అడుగున రెండంగుళాల తడి ఇసుక చాలు. కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు నింపిన కుండీలో గుచ్చడం చాలామందికి అలవాటు. ఎండిన కోకోపీట్ కూడా దూదిలాగే రాజుకుంటుంది.

ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ పెడుతుంటే ఆ గదిలో బీడీ, అగ్గిపుల్ల రెండూ నిషిద్ధం. మెషిన్ ఆపినా దుప్పట్లో, బట్టల్లో ఆక్సిజన్ కాసేపు నిలిచే ఉంటుంది. నులక మంచం మీద చుట్ట వెలిగించే పెద్దాయనకి ఇది చెప్పి ఒప్పించడం, అదొక ప్రత్యేక విద్య.