రెండో ముక్క

పదకొండున్నర అయింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఈయనకు చెప్పబోతే "పొద్దున మాట్లాడుకుందాం" అని అటు తిరిగి పడుకున్నారు. పొద్దున్నకు ఈ ఉడుకు చల్లారిపోతుంది, అందుకే ఇప్పుడే రాసుకుంటున్నాను.

పొద్దున భద్రకాళి గుడికి పోయి వచ్చాం. శాకంబరి అలంకారం. క్యూ పెద్దగానే ఉంది కానీ అమ్మవారిని కూరగాయల్లో, ఆకుకూరల్లో అంత పచ్చగా చూసేసరికి కాళ్ల నొప్పులు మర్చిపోయాను. బాగుంది.

మధ్యాహ్నం సర్వపిండి చేశాను. అన్నా వదినా, వాళ్ల పిల్ల చిట్టి కరీంనగర్ నుంచి వస్తే చెయ్యక తప్పదు, మీకు తెలిసిందే. బియ్యప్పిండిలో నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, ఉల్లికాడ, కారం వేసి కలిపి, గిన్నెకు ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో నూనె పోస్తుంటే చిట్టి టేబుల్ దగ్గర కూర్చుని హ్యారీ పోటర్ ఐదో పుస్తకం చదువుతోంది. చదువుతోందనే అనుకున్నాను. రెండో గిన్నె పొయ్యి మీద పెట్టి తిరిగి చూసేసరికి పుస్తకం బోర్లా పడి ఉంది. చిట్టి చేతిలో ఫోను. పుస్తకం అట్ట మీద బొటనవేలంత నూనె మరక.

"ఏందే, అయిపోయిందా?"

"బోర్ అత్తా. నాలుగో పార్ట్ లెక్క లేదిది. ఈ పిలగాడు ఊకె అరుస్తనే ఉంటడు. దోస్తుల మీద అరుస్తడు, అందరి మీద అరుస్తడు. ఇంక ఆ పింక్ స్వెటర్ మేడమైతే ఓవర్. అంత తియ్యగ మాట్లాడుకుంట అంత చెడ్డగ ఎవరుంటరు?"

నేను నోరు తెరిచేలోపే వదిన అందుకుంది. "పోనీ తియ్యి, చదవకుంటే మంచిదే. గది పరీక్షలకేమన్న పనికొస్తదా? సిలబస్ చదువుమంటే మాత్రం నిద్రొస్తది."

అన్న సర్వపిండి తింటూ ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. సాయంత్రం దాకా మాత్రం లోపల ఏదో గులుగుతూనే ఉంది. టీ పోసేటప్పుడు వదిన కప్పు కొంచెం గట్టిగానే పెట్టాను.

చిట్టికి నచ్చకపోవడం తప్పేం కాదు. హ్యారీ పోటర్ ఐదో పుస్తకం నచ్చనివాళ్లు అది వచ్చిన రోజు నుంచీ ఉన్నారు. నాలుగోది 2000 జులైలో వచ్చింది. ఐదోది 2003 జూన్ 21న. మూడేళ్లు ఎదురుచూసి తెరిస్తే 766 పేజీలు, 38 అధ్యాయాలు, ఏడు పుస్తకాల్లోకీ పొడుగైనది. పదిహేనేళ్ల హ్యారీ తోటివాడి చావు కళ్లారా చూసి వచ్చాడు. చెప్తే నమ్మేవాళ్లు తక్కువ. పేపర్లు వాణ్ని అబద్ధాలకోరును చేశాయి. ఎంతో నమ్ముకున్న హెడ్మాస్టరు డంబుల్‌డోర్ ఏడాదంతా వాడి మొహం చూడడు. మొదటి పుస్తకాల్లోని సరదా, మెరుపు చాలా తగ్గిపోయాయి. ఇదే అన్నిటికన్నా లోతైనదని కొందరు, సగం కోసెయ్యాల్సిందని కొందరు. ఆ లొల్లి ఇప్పటికీ తెగలేదు. 2007లో సినిమా తీస్తే అంత పొడుగు పుస్తకమూ 138 నిమిషాల్లో ముగిసింది. దానికీ రెండు వర్గాలే.

కాబట్టి నన్ను గుచ్చింది "బోర్" అన్న మాట కాదు. "ఎవరుంటరు?" అన్న మాట. దాని మీద వదిన నోట్లోంచి వచ్చిన "సిలబస్."

ఆ 2003 జూన్‌లోనే నేను హన్మకొండలో ఇంటర్ హాస్టల్లో చేరాను. బైపీసీ. బాపు ట్రంకు పెట్టె దించి, కొత్త తాళం వేసి, తాళంచెవి నా మెడలో దారానికి కట్టి వెళ్లిపోయాడు. నాలుగున్నరకు బెల్లు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. నెలకొక్క ఆదివారం ఔటింగ్. మా రూములో ఎనిమిది మందిమి, ఎవరినీ పేరుతో పిలిచేవాళ్లు కాదు. పరకాల పిల్ల, హుజూరాబాద్ పిల్ల, నెల్లికుదురు పిల్ల. నేను కూడా మా ఊరి పిల్లనే.

హుజూరాబాద్ పిల్ల మేనమామ హైదరాబాద్‌లో ఉండేవాడు. మొదటి ఔటింగ్ తర్వాత ఆమె బ్యాగులో బట్టల కింద ఈ పుస్తకం వచ్చింది. సిలబస్ తప్ప కాగితం ముక్క కనపడినా తీసుకునేవాళ్లు, శనివారం శనివారం పెట్టెలు తెరిపించి చూసేవాళ్లు. అంత లావు పుస్తకం ఎక్కడ దాస్తాం? ముక్కలు చేద్దామన్నది కూడా ఆమే. నా మంచం మీద కూర్చుని, అట్ట పూర్తిగా వెనక్కి విరిచి, వెన్ను లోపలి జిగురు మీద సగం బ్లేడుతో గీతలు పెట్టింది. జిగురు తెల్లటి నూకల్లాగా నా దుప్పటి మీద రాలింది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. నాలుగు ముక్కలు. ఒక్కోదానికి జువాలజీ రికార్డు అట్ట వేసి, మీద రోల్ నంబర్లు కూడా రాశాం.

ఎవరికి ఏ ముక్క దొరికితే అది చదవాలి. వరుస లేదు. పరకాల పిల్లకు మొట్టమొదటే నాలుగో ముక్క వచ్చింది. మూడు రోజులు మెస్సులో సరిగా తినలేదు. ఇంట్లో ఎవరికేమైందోనని మేం భయపడితే "సిరియస్ పోయిండే" అని ఏడ్చింది. హ్యారీకి తండ్రిలాంటివాడు సిరియస్. మొదటి ముక్క చదువుతున్నవాళ్లం దాని నోరు మూశాం. ఒక్కొక్కరిదీ ఒక్కో పుస్తకం అయిపోయింది. మొదటి ముక్క ఒక్కటే చదివినామె "ఇల్లు కడుగుడు, పరదాలు దులుపుడు తప్ప ఏముంది ఇండ్ల?" అన్నది. మూడో ముక్క దొరికినామెకు కవలలు ఫ్రెడ్, జార్జ్ బడిని ధిక్కరించి చీపుర్లెక్కి ఎగిరిపోయింది చాలు, ప్రపంచంలో ఇంతకన్నా మంచి పుస్తకం లేదు. ఆ మూడో ముక్కలోనే ఒక హుకుం వస్తుంది, టీచర్లు తమ సబ్జెక్టుకు సంబంధం లేనిది పిల్లలకు ఏదీ చెప్పరాదని. అది చదివి మేం దుప్పట్ల కింద చాలాసేపు నవ్వాం.

రెండో ముక్క నెల్లికుదురు పిల్ల దగ్గర దొరికిపోయింది.

వార్డెన్ మేడం ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. అందరినీ "బంగారం" అనే పిలిచేది. ఆ రోజు కూడా నెల్లికుదురు పిల్ల గడ్డం పట్టుకుని, "ఏం బంగారం, నాయిన పైసలు చెట్టుకు కాస్తున్నయా?" అని నవ్వుతూనే అడిగింది. ఆమె నాయిన పత్తి చేను కౌలుకు చేసేవాడు. "నేను సిలబస్ కానిది చదవను" అని ఐదు వందల సార్లు, వరండాలో నిలబడి, లాంగ్ నోటుబుక్కులో. రెండు రాత్రులు పట్టింది. మేం లోపల నుంచి కిటికీలో చూస్తూ ఉన్నాం. రాయడం అయ్యాక ఆమె నడిమి వేలు పక్కన పెన్ను ఒత్తుకున్న చోట శనగగింజంత బొబ్బ లేచింది.

ముక్క తిరిగి రాలేదు. అందులోని కథ నెల్లికుదురు పిల్లే మాకు లైట్లు ఆర్పేశాక గుసగుసగా చెప్పింది. పింక్ స్వెటర్ మేడం పాఠం సరిగా చెప్పదని, పిల్లలు రహస్యంగా ఒక గదిలో మంత్రాలు నేర్చుకున్నారని. బాగా చెప్పింది. నేను మొదటి ముక్క, మూడో ముక్క, నాలుగో ముక్క చదివి, రెండోది విని, పుస్తకం చదివేశాననుకున్నాను. నా తీర్పు కూడా చెప్పేశాను, "వీనికి పొగరు. ఊకె ఎందుకరుస్తడు?" అని. ఈ రోజు చిట్టి అన్న మాటే, ఇంచుమించు ఆ మాటే.

2007లో ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఇదే పుస్తకం, ఇప్పుడు చిట్టి దగ్గరున్నదే, దొరికితే కొన్నాను. బస్సులో కూర్చుని నేరుగా రెండో ముక్క ఎక్కడ మొదలవుతుందో అక్కడ తెరిచాను. పదమూడో అధ్యాయం. పింక్ స్వెటర్ మేడం అంబ్రిడ్జ్ తియ్యగా నవ్వుతూ హ్యారీకి ఒక కలం ఇస్తుంది. సిరా ఇవ్వదు. "నేను అబద్ధాలు చెప్పకూడదు" అని రాయమంటుంది. వాడు రాస్తుంటే కాగితం మీద ఎర్రగా పడుతుంది, అవే అక్షరాలు వాడి చెయ్యి వెనక చర్మం మీద కోసుకుంటాయి. రాత్రులకు రాత్రులు. మొదటిసారి నొప్పికి ఉలిక్కిపడతాడు, ఆ తర్వాత ఆమె ముందు ఒక్క మూలుగు కూడా మూలగడు.

నెల్లికుదురు పిల్ల మాకు అన్నీ చెప్పింది. ఇదొక్కటి చెప్పలేదు.

మూడో ముక్కలో ఇంకో పిల్లవాడి చెయ్యి రక్తం కారుతూ ఉంటుంది, అది ఎందుకో తెలియక ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నాను. నాలుగేళ్లు అట్లాగే అనుకున్నాను. నెల్లికుదురు పిల్లా నేనూ ఉగాదికి, బతుకమ్మకు మెసేజ్‌లు పెట్టుకుంటాం, ఎందుకు దాచావని ఇప్పటిదాకా అడగలేదు.

ఇక్కడిదాకా రాశాక చిట్టి మీద కోపం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. సగంలో వదిలేసి ఎట్లా తీర్పు చెప్తుందని సాయంత్రమంతా ఉడికిపోయాను. ఇందాక మళ్లీ నాలుగో అధ్యాయం తెరిచి వాడి అరుపులు చదివాను. పెద్ద అక్షరాల్లో, పేరాలకు పేరాలు. నిజంగానే విసుగొచ్చింది. తర్వాత ఆ ఇల్లు శుభ్రం చేసే పేజీలు నేను కూడా నాలుగైదు తిప్పేశాను. పొడుగు ఎక్కువే. అది చిట్టికి ఇచ్చేస్తాను.

అరుపులు మాత్రం ఇవ్వను. రెండేళ్లు, ఎనిమిది మందిమి ఆ రూములో ఉన్నాం, ఒక్కరం ఒక్కసారి గొంతెత్తలేదు. వరండాలో ఒకతి నిలబడి రాస్తుంటే ఏడుగురం కిటికీ దగ్గర చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాం. అప్పుడు వాడి అరుపు మాకు పొగరులా వినపడింది. ఇప్పుడు చదివితే విసుగు వచ్చినా ఆపబుద్ధి కాదు, ఇంకా అరవరా అనిపిస్తుంది.

అటువంటి మేడం ఉండదని చిట్టి అంటే, దానికి ఇంతవరకు తగల్లేదన్నమాట. వాళ్ల బడిలో టీచర్లు మంచివాళ్లు, అది వాళ్లతో వాదిస్తుంది కూడా. సంతోషపడాల్సిందే. పడ్డాను కూడా, అన్నం తినేటప్పుడు ఒక పది నిమిషాలు. అప్పుడే వదిన అంది, వచ్చే ఏడాది టెన్త్, తర్వాత ఇంటర్‌కు ఇక్కడే హాస్టల్లో వేద్దాం, నువ్వు దగ్గర ఉంటావు కదా అని. ఏ కాలేజీలో క్రమశిక్షణ బాగుంటుందో కనుక్కొమ్మంది. "చూద్దాం వదినా" అన్నాను. అంతకంటే గట్టిగా అనాల్సింది. కాదంటే ఎందుకని అడుగుతుంది, అన్న ముందు ఈ వరండా సంగతి నేను ఎన్నడూ చెప్పలేదు. బాపుకే చెప్పలేదు.

రేపు ఫోన్ చేసి చెప్తాను. పిల్లను నా దగ్గర ఉంచండి, ఇంట్లోంచి పోయి వస్తుందని. ఈయనతో ముందు మాట్లాడాలి.

ఇందాక నూనె మరక తుడుద్దామని పుస్తకం తీసుకున్నాను. తడిగుడ్డకు పోలేదు, కొంచెం బియ్యప్పిండి చల్లి దులిపితే సగం పోయింది. మధ్యలో చిట్టి జడ క్లిప్పు ఉంది. ఆపిన చోట గుర్తు పెట్టుకుంది, పూర్తిగా వదల్లేదు. పన్నెండో అధ్యాయం చివర, ఇంకో రెండు పేజీలు తిప్పితే పదమూడు.

లేపి చెప్పాలనిపించింది, నిద్రపోతోంది. పొద్దున ఆరున్నర బస్సుకు వాళ్లు పోతారు. క్లిప్పు ఉన్నచోటనే ఉంచి పుస్తకం దాని బ్యాగులో పెట్టాను, అడుగున, బట్టల కింద. పైన ఉంటే వదిన బరువని తీసేస్తుంది.