44 అంగుళాల ఆర్ట్ ప్రింటర్‌కి రిప్ కొనాలా, డ్రైవర్ చాలా?

ఫ్లెక్స్ షాపు నడిపేవాళ్లు ఫోటోలకీ, క్యాన్వాస్‌కీ అని ఒక ఆర్ట్ ప్రింటర్ తెచ్చుకోగానే మొదట అడిగే మాట "దీనికి ఏ రిప్ వెయ్యాలండీ?" అని. భీమవరంలోనైనా అమలాపురంలోనైనా ఇదే ప్రశ్న. అలా అడగడంలో తప్పులేదు. ఫ్లెక్స్ మెషీన్‌కి రిప్ లేకపోతే పనే నడవదు. కోరల్‌డ్రాలో చేసిన డిజైన్‌ని ఇంకు చుక్కలుగా విడగొట్టి మెషీన్‌కి అందించే సాఫ్ట్‌వేర్ అదే. ఎప్సన్ షూర్‌కలర్ పీ9500, కెనాన్ ప్రో-4100 లాంటి నీటి ఇంకు మెషీన్ల సంగతి వేరు. పన్నెండు ఇంకుల్లో ఏది ఎక్కడ ఎంత పడాలో వాటితో వచ్చే డ్రైవర్ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది, ఆ చుక్కల అమరిక మీద కంపెనీవాళ్లు ఏళ్ల తరబడి పనిచేశారు కూడా. కాబట్టి ఇక్కడ రిప్ కొనేది రంగులు బాగా రావడానికని కాదు. డ్రైవర్ మన చేతికివ్వని కొన్ని తాళంచెవుల కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒకే ప్రింటర్, నాలుగైదు రకాల కాగితం, పెళ్లి ఫోటోలు, పెయింటింగుల ప్రతులు మీ పని అయితే, మొదటి డబ్బు రంగు కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌కి పెట్టండి. రెండో డబ్బు గదిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్‌కి. గోదావరి జిల్లాల గాలిలో రిప్ మూడోది.

ఫ్లెక్స్ అలవాటుతో వచ్చే పెద్ద పొరపాటు ఒకటుంది. ఫోటోని ముందే సీఎంవైకేలోకి (నాలుగు ఇంకుల రంగుల లెక్కలోకి) మార్చేసి ప్రింటర్‌కి పంపడం. అలా మార్చిన క్షణమే నారుమడి లేతపచ్చ, పట్టుచీర రాణి రంగు చచ్చిపోతాయి. ప్రింటర్‌లో నారింజ, ఆకుపచ్చ, ఊదా ఇంకులున్నా వాటికి పని మిగలదు, తర్వాత ఎంత ఖరీదైన రిప్ వేసినా ఆ రంగు వెనక్కి రాదు. ఫైల్‌ని అడోబ్ ఆర్‌జీబీ అనే విశాలమైన రంగుల లెక్కలో 16 బిట్ టిఫ్‌గా ఉంచండి, చివరి వరకూ అలాగే పోనివ్వండి. రెండో పొరపాటు రంగుని రెండుసార్లు దిద్దడం. ఫోటోషాప్‌లో ప్రొఫైల్ (ఆ కాగితం మీద ఆ ప్రింటర్ రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్) పెట్టి, డ్రైవర్‌లో కూడా కలర్ మేనేజ్‌మెంట్ ఆపకుండా వదిలేస్తే ముఖాలు గులాబీకి తిరిగి, నీడలు నల్లగా ముద్దకడతాయి. "డ్రైవర్ బాగోలేదు, రిప్ కావాలి" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. ఎవరో ఒక్కరే దిద్దాలి. ఫోటోషాప్ దిద్దితే డ్రైవర్‌లో ఆఫ్ చెయ్యండి.

ఇక రిప్ నిజంగా ఏమిస్తుందో చూద్దాం. ఇంకు పరిమితి, లీనియరైజేషన్. ఈ రెండూ అర్థమైతే కొనాలో వద్దో మీకే తెలుస్తుంది.

డ్రైవర్‌లో ఇంకు ఎంత పడాలన్నది మీరు ఎంచుకున్న మీడియా టైప్ (కాగితం రకం) నిర్ణయిస్తుంది. పేరున్న కంపెనీ కాగితమైతే ఏ టైప్ పెట్టాలో వాళ్లే చెబుతారు. హోల్‌సేల్‌లో తెచ్చిన పేరులేని క్యాన్వాస్‌కి ఆ మాట చెప్పేవాళ్లుండరు. రిప్‌లో ఒక్కో ఇంకునీ 0 నుంచి 100 వరకూ అయిదేసి శాతం మెట్లుగా ప్రింట్ తీయొచ్చు. ఆ పట్టీని దగ్గరపెట్టుకుని చూడండి. 60, 65, 70 వరకూ ఒక్కో మెట్టూ ముదురుతూ వస్తుంది. ఎక్కడో 75 దగ్గర రంగు ముదరడం ఆగిపోతుంది. ఇంకు మాత్రం పడుతూనే ఉంటుంది. ఆపైన మ్యాట్ కాగితం మీద తడి మెరుపు కనిపిస్తుంది, మెట్టు అంచు పక్క గడిలోకి నూలుపోగుల్లా పాకుతుంది, కాగితం వెనక తడిమితే వేలికి అలలు తగులుతాయి. క్యాన్వాస్ అయితే నేత సందుల్లో ఇంకు గుంటకట్టి నిలుస్తుంది. రంగు ముదరడం ఆగిపోయిన మెట్టుకి ఒక మెట్టు ముందు ఆగాలి. ఈ ఉదాహరణలో అది 70. అన్ని ఇంకులకీ ఇలా కట్టాక, కలిపి మొత్తం ఎంత పడొచ్చో విడిగా కట్టాలి. ముదురు నీడల్లో మూడు నాలుగు ఇంకులు ఒకేచోట పడతాయి, ముద్దకట్టేది అక్కడే.

ఆ తర్వాత లీనియరైజేషన్. ఇరవయ్యొక్క మెట్ల పట్టీ తీసి, ఆరాక కొలిచి, మెట్లన్నీ సమానంగా ఎక్కేట్టు సరిచేయడం. దాని మీద ఐసీసీ ప్రొఫైల్ (పైన చెప్పిన ప్రొఫైలే). వరస మారకూడదు: పరిమితి, లీనియరైజేషన్, ప్రొఫైల్. ప్రొఫైల్ కట్టాక ఇంకు పరిమితి ముట్టుకుంటే ప్రొఫైల్ మళ్లీ మొదటినుంచి కట్టాలి.

ఇలా విడివిడిగా ఉండటంలోనే రిప్ లాభం ఉంది. కాగితం కొత్త లాట్ వచ్చి టోన్ కొంచెం జరిగిందనుకోండి, ఇరవయ్యొక్క గడులు కొలిచి లీనియరైజేషన్ ఒక్కటి సరిచేస్తే పాత ప్రొఫైల్ మళ్లీ పనికొస్తుంది. డ్రైవర్ దారిలో అయితే వందల గడుల చార్ట్ మళ్లీ తీసి ప్రొఫైల్ కొత్తగా కట్టాలి. రెండు మూడు ప్రింటర్లు ఒకేలా రావాలన్నా ఇదే లెక్క. అయితే కెనాన్ ప్రో సిరీస్ ప్రింటర్‌లోనే సెన్సార్‌తో క్యాలిబ్రేషన్ (రంగులు తనే సరిచూసుకోవడం) చేసుకుంటుంది, అలాంటివి రెండున్నా దీని కోసమే రిప్ కొననక్కర్లేదు. ఎప్సన్ డ్రైవర్‌లో పేపర్ కాన్ఫిగరేషన్ కింద కలర్ డెన్సిటీ అని ఒక స్లైడర్ ఉంటుంది. క్యాన్వాస్ మీద ఇంకు గుంటకడుతుంటే దాన్ని మైనస్ 10కి దింపి, ఆ స్థితిలో ప్రొఫైల్ కట్టండి. ఒకటి రెండు రకాల క్యాన్వాస్‌కి ఈ ఉపాయం సరిపోతుంది.

తేమ సంగతి విడిగా చెప్పాలి. కాగితానికి హాయిగా ఉండేది 40 నుంచి 60 శాతం. మన దగ్గర వానాకాలంలో గాలిలో తేమ 80 దాటే రోజులు కోకొల్లలు. సంక్రాంతికి కట్టిన ప్రొఫైల్ శ్రావణంలో అదే రంగు ఇవ్వదు. కాగితం ముందే తేమ పీల్చుకుని ఉంటుంది, ఇంకు ఆరదు, పాకుతుంది. రోల్ అంచులు అలల్లా లేచి ఇంకు చల్లే హెడ్‌కి తగులుతాయి, నల్లగీత పడుతుంది. ఏ రిప్‌లోనూ దీనికి మీట లేదు. గదిని 55 దగ్గర నిలపండి, రోల్ వాడనప్పుడు ప్లాస్టిక్ సంచిలోకి పోవాలి, కొత్త రోల్‌ని ఒక రోజు గదిలో ఉంచి ఎక్కించండి. అంచు లేచిన రోల్ తప్పక వాడాల్సొస్తే ప్లాటెన్ గ్యాప్ (హెడ్‌కీ కాగితానికీ మధ్య ఎడం) పెంచి, హెడ్ అలైన్‌మెంట్ మళ్లీ చేసుకోండి, లేకపోతే సన్నగీతలు మసకబారతాయి. చార్ట్ తీసిన వెంటనే కొలవకండి, 24 గంటలు ఆరనివ్వండి.

రోల్ మీద బొమ్మలు సర్దడం రిప్ ఇచ్చే రెండో లాభం. 24×36 అంగుళాల ఫోటోలు 44 అంగుళాల రోల్ మీద నిలువుగా పెడితే ఒక్కోదానికి 36 అంగుళాల పొడవు పోతుంది, పక్కన 20 అంగుళాలు వృథా. అడ్డంగా తిప్పితే 24 అంగుళాలే. 12 మీటర్ల రోల్ అంటే సుమారు 472 అంగుళాలు. బొమ్మల మధ్య అర అంగుళం వదిలినా అడ్డంగా 19 వస్తాయి, నిలువుగా 12. దీనికి ఖరీదైన రిప్ అక్కర్లేదు. క్యూఇమేజ్ లాంటి లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఈ సర్దుడు తనే చేస్తుంది, డ్రైవర్ అడిగే రిజల్యూషన్‌కి (ఎప్సన్‌కి 360 లేదా 720, కెనాన్‌కి 300 లేదా 600) సైజు కూడా తనే మారుస్తుంది. ఎప్సన్, కెనాన్ తమ ప్రింటర్లకి లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తున్నాయి, ముందు అవి చూడండి. మిరాజ్ అనే సాఫ్ట్‌వేర్ డ్రైవర్‌కీ రిప్‌కీ మధ్య మెట్టు. ఇమేజ్‌ప్రింట్ అనే రిప్ రకరకాల కాగితాలకి తనవాళ్లే కట్టిన ప్రొఫైళ్లతో వస్తుంది, కొలిచే పరికరం కొనలేనివాళ్లకి అదే దాని ఆకర్షణ. ధర ప్రింటర్ వెడల్పుని బట్టి పెరుగుతుంది.

నలుపు తెలుపు పనికి మరో దారి. డ్రైవర్‌లోని బ్లాక్ అండ్ వైట్ మోడ్ చాలామందికి చాలు. పాపికొండల పొగమంచు లాంటి సన్నని బూడిదరంగు మెట్లు మీ చేతిలో ఉండాలంటే, ఎప్సన్ వాళ్లకి క్వాడ్‌టోన్ రిప్ తక్కువ ఖర్చులో దొరుకుతుంది. మీ మోడల్ దాని జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి. డిజైనర్ల దగ్గరనుంచి స్పాట్ కలర్లు (పేరుపెట్టి అడిగే ప్రత్యేక రంగులు), ఓవర్‌ప్రింట్ (ఒక రంగు మీద ఇంకో రంగు పడటం) ఉన్న పీడీఎఫ్‌లు రోజూ వస్తుంటే మాత్రం వాదన లేదు, పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రింటింగ్ భాష చదివే అసలు రిప్పే కావాలి. ఆనిక్స్, ఎర్గోసాఫ్ట్, ఫైరీ ఎక్స్ఎఫ్ ఆ తరగతివి.

కొనేముందు ట్రయల్ తీసుకోండి. అమ్మేవాళ్లు తెచ్చే టెస్ట్ ఫైల్ వద్దు, మీ ఫైల్ ఇవ్వండి. ఒక ఏ2 పేజీలో చామనఛాయ ముఖం, లేత నారుమడి, కుంకుమ ఎరుపు, సాయంత్రం కొబ్బరితోట నీడ, ఇరవయ్యొక్క మెట్ల బూడిద పట్టీ పెట్టుకోండి. అదే కాగితం మీద ఒకటి డ్రైవర్‌తో, మీరు కొలిచి కట్టిన ప్రొఫైల్‌తో, ఇంకోటి రిప్‌తో. మర్నాడు ఆరాక 5000 కెల్విన్ లైటు కింద పక్కపక్కన పెట్టండి. నీడలో ఆకుల విడివిడి రూపం, బూడిద పట్టీలో ఎక్కడైనా ఎరుపు పచ్చ తిరగడం చూడండి. ఆ రెంటిలో తేడా లేకపోతే రంగు కోసం రిప్ అక్కర్లేదు.

లైసెన్సు గురించి మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఏటా కట్టాలా లేక ఒకసారేనా, ఈ ప్రింటర్ పోయి వేరేది కొంటే మళ్లీ ఎంత, డాంగిల్ (లైసెన్సు ఉండే యూఎస్‌బీ తాళం) ఉంటే అది పాడైతే ఎంత. పిడుగులు పడే కాలంలో లాన్ పోర్టులు, యూఎస్‌బీ డాంగిళ్లు కాలిపోవడం మనకి కొత్త కాదు. ప్రింటర్‌నీ, రిప్ నడిచే కంప్యూటర్‌నీ రెంటినీ యూపీఎస్ మీద పెట్టండి. వీటికి ఫ్లెక్స్ మెషీన్‌లా హీటర్లు ఉండవు గనక పెద్ద యూపీఎస్ అక్కర్లేదు. కరెంటు పోయినప్పుడు నడుస్తున్న బొమ్మ పూర్తవ్వాలి, హెడ్ తన మూత కిందకి చేరాలి, అంతసేపు నిలిస్తే చాలు.