హిందూ క్రాస్‌వర్డ్‌లో స్లాంగ్ మాటలు: నా అనుభవం

హిందూ పేపర్లో క్రాస్‌వర్డ్ 1971 నుంచి వస్తోంది. అది బ్రిటిష్ పద్ధతి క్రిప్టిక్, అంటే క్లూలో అసలు అర్థాన్ని దాచి మాటలతో ఆడుకునేది, కాబట్టి బళ్లో చదువుకున్న ఇంగ్లిష్ ఒక్కటీ దానికి చాలదు. లండన్ వీధుల్లో, ఓడల మీద, జైళ్లలో తిరిగే మాటలు అందులో బోలెడు. నన్ను చాలాకాలం ఏడిపించినవి అవే, ఇప్పుడు నాకు భలే ఇష్టమైనవీ అవే.

జీఆర్‌ఈ వర్డ్ లిస్టులు దీనికి పనికిరావు, వాటిలో ఉండేవన్నీ పెద్దమనుషుల మాటలు. నాకు దారి చూపించింది మాత్రం మర్నాటి జవాబులు. పూరించలేని గడులున్న కాగితాన్ని కత్తిరించి దాచుకుని, జవాబులు రాగానే పక్కన పెట్టుకుని, ఒక్కో క్లూ ఎక్కడ విరిగిందో వెనక నుంచి తవ్వుకుంటూ వచ్చేవాణ్ణి. ఉదాహరణకి ‘సెయిలర్ టు అబ్‌టెయిన్ ఆబ్జెక్టివ్’ లాంటి క్లూ, జవాబు ఆరక్షరాలు. సెయిలర్‌కి స్లాంగులో టార్ (పాతకాలం నావికులు తారు పూసిన బట్టలు వేసుకునేవారు, అందుకని ఆ పేరంటారు), అబ్‌టెయిన్‌కి గెట్, రెండూ కలిపితే టార్గెట్, ఆబ్జెక్టివ్ అంటే అదేగా!

అప్పటినుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. పేజీకి తలకట్టు జవాబు కాదు, క్లూలో కనబడే మాట. సెయిలర్ పేజీలో టార్, సాల్ట్, ఏబీ (ఏబుల్ సీమన్‌కి పొట్టిరూపం). మనీ పేజీలో టిన్, బ్రెడ్, లాలీ. ప్రిజన్ పేజీలో స్టిర్, నిక్, క్యాన్. ఆ క్యాన్ పక్కన టీన్ పెడితే తినే చోటు వస్తుంది, మన క్యాంటీనే.

ఇంకో సంగతి, క్లూయే మనకి సైగ చేస్తుంది. న్యూయార్క్ టైమ్స్ గళ్లలో జవాబు స్లాంగైతే క్లూలో ‘ఇన్‌ఫార్మల్లీ’ అనో ‘స్లాంగిలీ’ అనో తరచూ ఉంటుంది, అది చూస్తే ‘నో’ అని కాకుండా ‘నా’ (nah), ‘నోప్’ అని ఆలోచించాలి. బ్రిటిష్ క్లూలో గ్లాస్గో కనబడితే స్కాట్లాండ్ మాట కావచ్చు. కాక్నీ (తూర్పు లండన్ యాస) అని ఉంటే ముందున్న హెచ్ ఎగిరిపోతుంది: కాక్నీ హౌస్ కాస్తా ఔస్ (ouse) అవుతుంది, అక్షరాల్లో అయితే అది ఊజ్ అనే యార్క్‌షైర్ నది పేరు.

ఇక వింత మాటలు: ఓస్ట్ అంటే బీరులో వేసే హాప్స్ ఆరబెట్టే బట్టీ, అడిట్ (లెక్కల ఆడిట్ కాదు) గనిలోకి అడ్డంగా వెళ్లే దారి, ఎట్వీ సూదులు పెట్టుకునే చిన్న పెట్టె. అచ్చులు ఎక్కువగా ఉన్న పొట్టి మాటలు కాబట్టి గళ్లు నింపేవాళ్లకి ఇవి బాగా కలిసొస్తాయి, మాటిమాటికీ వస్తాయి. వీటికి ఛేంబర్స్ డిక్షనరీ దగ్గరుండాల్సిందే.

ఇప్పుడు రైమింగ్ స్లాంగ్ మీద పడ్డాను, అంటే ఒక మాటకి బదులు దానితో ప్రాస కుదిరే మాటలు వాడటం. చైనా ప్లేట్‌కి మేట్‌తో ప్రాస కుదురుతుంది, తర్వాత ప్లేట్ కూడా రాలిపోయి ఒట్టి చైనాయే ఫ్రెండ్ అయిపోయింది. నా నోట్‌బుక్‌లో ఫ్రెండ్ పేజీలో పాల్, మేట్, ఆలీ కింద అదీ చేరింది.