గర్భంలో చూసిన ముఖం

పరీక్షిత్తు పుట్టేనాటికి తండ్రి లేడు. అభిమన్యుడు కురుక్షేత్ర యుద్ధం 13వ రోజునే పద్మవ్యూహంలో నేలకొరిగాడు. యుద్ధం ముగిశాక అశ్వత్థామ వేసిన బ్రహ్మాస్త్రం ఉత్తర కడుపులోని బిడ్డ మీదికి వచ్చింది. లోకంలో వెలుగు ఎలా ఉంటుందో తెలియకముందే ఆ పసివాడు నిప్పును చూశాడు.

భాగవతం మొదటి స్కంధం 12వ అధ్యాయంలో ఉంది ఈ ఘట్టం. ఆ మంటలో బిడ్డకు బొటనవేలంత పురుషుడు కనిపించాడట. నల్లని మేను, మెరుపులాంటి వస్త్రం, బంగారు కిరీటం, నాలుగు చేతులు. గదను కొరివిలా గిరగిరా తిప్పుతూ బిడ్డ చుట్టూ తిరుగుతున్నాడు. సూర్యుడు మంచును కరిగించినట్టు ఆ అస్త్రతేజాన్ని చెదరగొడుతున్నాడు. బిడ్డ ఆయనను చూసి అనుకున్నది ఒక్కటే, 'క ఇత్యసౌ'. ఎవరీయన? కడుపులోని ఆ పదినెలల పసివాడు చూస్తూ ఉండగానే స్వామి అక్కడికక్కడే మాయమయ్యాడు.

పేరు రావడానికి కారణం కూడా అదే అంటుంది భాగవతం.

గర్భే దృష్టమనుధ్యాయన్ పరీక్షేత నరేష్విహ

గర్భంలో చూసినవాణ్ణే తలుచుకుంటూ, ఎదురైన ప్రతి మనిషినీ 'ఈయనేనా?' అని పరీక్షగా చూసేవాడు కాబట్టి పరీక్షిత్తు. వంశం పరిక్షీణమైన వేళ పుట్టాడు కనుక ఆ పేరు వచ్చిందని భారతం చెబుతుంది. నా మనసు మాత్రం భాగవతం మాట దగ్గరే ఆగిపోతుంది.

ఎందుకంటే ఆ చూపు నాకు తెలుసు. నాకు ఏడాది నిండకముందే నాన్న పోయారు. స్కూలు అప్లికేషన్లలో అమ్మ ఆయన పేరుకు ముందు 'కీ.శే.' అని రాసేది. అది నాన్న ఇంటిపేరు అనుకున్నాను చాలాకాలం. ఎవరైనా పెద్దాయన నాతో కాస్త ఆప్యాయంగా మాట్లాడితే చాలు, ఆయన వెళ్లిపోయాక కూడా అటే చూస్తూ నిలబడేవాణ్ణి. ఏం వెతుకుతున్నానో నాకే తెలిసేది కాదు. బంధువులేమో 'ఇక మీ అమ్మకి నువ్వే దిక్కురా' అనేవారు. దయచేసి ఏ పిల్లాడితోనూ ఆ మాట అనకండి. వాడే దిక్కు వెతుక్కుంటూ ఉంటాడు.

పేరు చెప్పిన శ్లోకం వెంటనే ఇంకో శ్లోకం వస్తుంది. చాలామంది గబగబా చదివేసి ముందుకు వెళ్లిపోతారు. శుక్లపక్ష చంద్రుడిలా ఆ రాజకుమారుడు పెరిగాడు, 'ఆపూర్యమాణః పితృభిః కాష్ఠాభిరివ' అని. పితృభిః! ఏకవచనం కాదు, బహువచనం. తండ్రి లేని పిల్లవాడి గురించి చెబుతూ 'తండ్రుల చేత' అన్నారు. ధర్మరాజు, తక్కిన పాండవులు అందరూ కలిసి రోజుకింత చొప్పున అతణ్ణి నింపారు, కళలు చంద్రుణ్ణి నింపినట్టు. కాష్ఠ అంటే ఇక్కడ చంద్రకళ అని అర్థం చెప్పుకుంటారు. ఆ మాటకే దిక్కు అనే అర్థం కూడా ఉంది. దిక్కులేనివాడు అని మనం అనేసే పిల్లవాడి పక్కన ఆ మాట ఉండటం చూసి ఆ రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

నాకు మొదటిసారి గడ్డం గీసుకోవడం నేర్పింది మా మేనమామ. అద్దం ముందు నా వెనక నిలబడి, నా చేతి మీద చెయ్యి వేసి, 'కిందికి లాగు, అదమకు' అన్నాడు. తెలుగు మాస్టారు నా తప్పు కొట్టేసి, పక్కన ఒప్పు రాసి, అది నాతో పైకి చదివించాకే నోట్సు చేతికిచ్చేవారు. వీళ్లలో ఎవరూ నాన్న కారు. ఒక్కొక్కరూ ఒక్కో కళ. ఒక్కరిలోనే పూర్ణచంద్రుడు కావాలని వెతికినన్నాళ్లూ అందరి మీదా అలిగాను, పాపం వాళ్లకి తెలియదు.

పరీక్షిత్తు మాత్రం వెతకడం మానలేదు. శాపం తగిలి, ఆయుష్షు ఏడు రోజులే మిగిలి, గంగ ఒడ్డున కూర్చున్నప్పుడు వ్యాసుడి కొడుకు శుకుడు వచ్చాడు. చూడటానికి 16 ఏళ్ల కుర్రవాడు. దశమ స్కంధం మొదట్లో రాజు ఆయనను అడుగుతాడు: మా అమ్మ శరణంటే ఆమె కడుపులోకి చక్రం పట్టుకుని వచ్చి నన్ను కాపాడాడే, ఆయన కథ చెప్పండి అని. అప్పుడు చూసింది గద, ఇప్పుడంటున్నది చక్రం. చేతిలో ఏముందన్నది ఎలా ఉన్నా, తన కోసం ఒకరు వచ్చారన్నది మాత్రం అన్నేళ్లయినా చెదరలేదు. గర్భంలో నోరు లేక అడగలేకపోయిన 'ఎవరీయన?' ఇప్పుడు అడుగుతున్నాడు. మంచినీళ్లు కూడా మానేసి ఉన్నాడు. మీ నోట హరికథ వింటుంటే ఆకలి తెలియడం లేదు, చెప్పండి అంటున్నాడు.