సాక్షులు చెప్పిన నా జబ్బు

నాకు వచ్చిన జబ్బు గురించి మా ఇంట్లో నేను తప్ప అందరూ చెప్పగలరు. మా ఆవిడ ఒక రకంగా చెబుతుంది, మా బావ ఇంకో రకంగా చెబుతాడు. మా అమ్మాయి ఫోన్లో తీసిన వీడియో ఆ ఇద్దరి మాటలతోనూ పూర్తిగా కలవదు. ఆ రోజు పొద్దున నుంచి దీపాలు పెట్టే వేళ వరకు నేను మెలకువగానే ఉన్నాను. నడిచాను, మాట్లాడాను, ఇడ్లీ తిన్నాను, ఆసుపత్రి కాగితం మీద సంతకం కూడా పెట్టాను. అందులో ఒక్క క్షణం కూడా ఇప్పుడు నా దగ్గర లేదు.

నేను కర్నూలులో దస్తావేజు లేఖరిని. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు చెప్పింది రాయడం, చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు, సరిచూడడం, సాక్షులతో సంతకాలు పెట్టించడం నా బతుకుదెరువు. పొలం నేను చూసి ఉండను, డబ్బు చేతులు మారింది నా ముందు కాదు. అయినా అంతా కళ్ళారా చూసినట్టే రాస్తాను. నా జబ్బు విషయంలో కూడా నా పాత్ర అంతే. ఇక్కడినుంచి రాసేదాంట్లో చాలాభాగం వాళ్ళు చెప్పింది.

2023 కార్తీకంలో ఒక సోమవారం మహానందికి పోయాం. కారు మా బావది, అంటే మా అక్క భర్తది. తెల్లవారకముందే బయల్దేరాం. పాణ్యం దగ్గర టీ తాగడం గుర్తుంది, టీలో అల్లం ఎక్కువైందని మా ఆవిడ అనడం గుర్తుంది. గుడి బయట చెప్పులు విడిచిందాకా ఉంది. కోనేట్లో దిగింది లేదు.

మహానంది కోనేటి సంగతి మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. నల్లమల ఊట నీళ్ళు ఏడాది పొడుగునా వచ్చి పోతుంటాయి. అడుగున బిళ్ళ పడినా కనిపించేంత తేట. చలికాలంలో ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయని అంటారు. మా బావ అదే ఒట్టేసి చెబుతాడు. మా ఆవిడ మాత్రం ఆ రోజు నీళ్ళు జిల్లుమన్నాయని, నేను ఊపిరి బిగపట్టి మూడు మునకలూ వెంటవెంటనే వేశానని చెబుతుంది. తర్వాత డాక్టరు మొదట అడిగిన ప్రశ్న ఇదే కాబట్టి వీళ్ళిద్దరిలో ఎవరిది నిజమో తేలితే బాగుండేది. తేల్లేదు.

మెట్లెక్కి తల తుడుచుకుంటూ, "మనం యాడికొచ్చినాం?" అన్నానంట. మా ఆవిడ నవ్వింది. మహానందికి అని చెప్పింది. తల ఊపాను. పంచె కట్టుకునే లోపల మళ్ళీ, "మనం యాడికొచ్చినాం? ఎందుకొచ్చినాం?" అదే గొంతు, అవే మాటలు. దర్శనం క్యూలో నిలబడేసరికి ఆమె నవ్వడం మానేసింది.

మా అక్క గాలి సోకిందని భయపడింది. మా బావ తిండి లేక కళ్ళు తిరిగి ఉంటాయని ఇడ్లీ పెట్టించాడు. మా అమ్మాయి మాత్రం పక్షవాతమేమోనని నన్ను చేతులు రెండూ పైకెత్తమంది, నవ్వమంది, ఒక వాక్యం చెప్పమంది. అన్నీ బాగానే చేశాను. ఇల్లు గుర్తుంది, పేర్లు గుర్తున్నాయి, మాట తడబడలేదు. అయినా ఆమె ఒప్పుకోక నేరుగా కర్నూలు ఆసుపత్రికి పోనివ్వమంది. ఆ పిల్ల చేసింది సరైన పనని తర్వాత డాక్టరన్నాడు. ఇట్లాంటివి పైకి ఒకేలా ఉన్నా లోపల పక్షవాతం కావచ్చు, మూర్ఛ కావచ్చు, షుగరు పడిపోయి ఉండొచ్చు. ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు.

దారిలో తీసిందే ఆ వీడియో. డాక్టరుకు చూపించడానికని వెనక నుంచి తీసింది. ముందు సీట్లో ఉన్న నా తల వెనక భాగం, కొంచెం చెవి, అద్దంలో దుమ్ము. ఓర్వకల్లు దగ్గర బోర్డు చూసి, "ఇక్కడ విమానాశ్రయం ఎప్పుడు కట్టినారు?" అంటాను. 2021లో కదా నాన్నా మొదలైంది, అంటుంది అమ్మాయి. "ఓహో" అంటాను. బోర్డు దాటిపోయింది కాబట్టి మళ్ళీ అడగను. ఆ తర్వాత చిన్నప్పుడు మా నాయన నేర్పిన శివస్తోత్రం ఒకటి మొదలుపెట్టి ఒక్క అక్షరం పోకుండా చివరిదాకా చదువుతాను. చదవడం అయిపోగానే, "మనం యాడికి పోతాండాం?"

వీడియోలో లేనిది ఒకటుంది. అది మా ఆవిడ నాకు చాలా రోజుల దాకా చెప్పలేదు. గుడి దగ్గర నేను, "అమ్మకు ఫోన్ చేయి, ప్రసాదం తెస్తున్నామని చెప్పు" అన్నానంట. మా అమ్మ 2021 ఎండాకాలంలో పోయింది. కొరివి పెట్టింది నేనే. మా ఆవిడ ఆ మాటే చెప్పింది. నేను ఆ మెట్ల మీదే కూర్చుని, అప్పుడే కబురు అందినవాడిలా ఏడ్చాను. ఏడుపు ఆగాక కళ్ళు తుడుచుకుని, "అమ్మకు ఫోన్ చేసినావా?" అన్నాను. మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఏడ్చాను. ఆ తర్వాత ఆమె, "నిద్రపోతాంటుంది, సాయంత్రం చేద్దాంలే" అనడం మొదలుపెట్టిందంట. అబద్ధమాడినందుకు ఆమె ఇప్పటికీ బాధపడుతుంది. నాకైతే అది ఎవరైనా చేయగలిగిన మంచి పనుల్లో ఒకటి.

కర్నూలు ఆసుపత్రిలో సీటీ తీశారు, ఎమ్మారై తీశారు, తలకు వైర్లు అంటించి ఈఈజీ తీశారు. బీపీ కొంచెం ఎక్కువ, మిగతావన్నీ మామూలు. న్యూరాలజీ డాక్టరు నా చేతికి కాగితం, పెన్ను ఇచ్చి ఏదైనా రాయమన్నాడు. ఆ కాగితం మా అమ్మాయి దాచింది. అది నా చేతిరాతే, వంకర లేదు. స్థిరాస్తి విక్రయ దస్తావేజు మొదలుపెట్టాను. తేదీ దగ్గర ఖాళీ వదిలాను. షెడ్యూలులో, అంటే ఆస్తి వివరాలు రాసే చోట, "కర్నూలు జిల్లా, మహానంది మండలం" అని రాశాను.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక మహానంది నంద్యాల జిల్లాలోకి పోయింది. రోజూ దస్తావేజులు రాసేవాడు ఆ మాట నిద్రలో కూడా తప్పు రాయడు. డాక్టరు ఆ కాగితం, విమానాశ్రయం సంగతి, అమ్మ సంగతి పక్కపక్కన పెట్టుకుని ఆ రోజుకు నా జ్ఞాపకం ఎక్కడిదాకా తెగిపోయిందో అంచనా వేశాడంట. కొత్తది ఏదీ నిలవకపోవడం ఒకటి, వెనకటి రెండున్నరేళ్ళకు పైగా కాలం కూడా తాత్కాలికంగా మూసుకుపోవడం ఇంకొకటి. సాయంత్రానికి ఆ వెనకటివి తిరిగొచ్చాయి. పాతవి ముందు, దగ్గరివి తర్వాత. అమ్మ పోయిన సంగతి నేనే అన్నానంట, ఎవరూ చెప్పకుండానే. ఈసారి ఏడవలేదు.

నాకు తిరిగి దొరికిన మొదటి ముక్క, చేతికి సెలైన్ సూది, పక్కన స్టీలు గిన్నెలో ఉప్మా. గుడి బయట చెప్పులు విడిచిన వెంటనే ఉప్మా ముందు కూర్చున్నట్టు ఉంది నాకు. మధ్యలో చీకటి కూడా లేదు. నిద్ర లేచినప్పుడైనా కొంత సేపు గడిచిందని ఒంటికి తెలుస్తుంది. ఇక్కడ అదీ లేదు.

దీని పేరు ట్రాన్సియెంట్ గ్లోబల్ ఆమ్నీషియా. ఫిషర్, ఆడమ్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1964లో ఈ పేరుతో వివరంగా రాశారు. ఎక్కువగా యాభై దాటినవాళ్ళకు వస్తుంది. ఇరవై నాలుగు గంటల లోపల, చాలామందికి కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది. చన్నీళ్ళలో ఒక్కసారిగా మునగడం, బరువు పని, గట్టి టెన్షన్, దుఃఖం లాంటివి జరిగిన వెంటనే రావడం డాక్టర్లు చాలాసార్లు చూశారు. అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మందు లేదు, అవసరమూ లేదు. మళ్ళీ వచ్చేవాళ్ళు తక్కువ. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఎమ్మారై తీయించమన్నాడు డాక్టరు, మొదటి రోజు కనిపించనిది అప్పుడు కనిపించొచ్చని. కనిపించింది. మెదడు లోపల హిప్పోకాంపస్ అనే చోట, ఎడమ వైపు, పెన్ను కొనతో పెట్టినట్టు ఒక తెల్ల చుక్క. అది కూడా కొన్నాళ్ళకు పోతుందన్నాడు. నా ఒక రోజుకు మిగిలిన ఆనవాలు అదొక్కటే, అదీ ఉండదు.

కొత్త అనుభవం జ్ఞాపకంగా నిలవాలంటే ఆ హిప్పోకాంపస్ పని చేయాలి. ఆ సంగతి బాగా తెలిసింది అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే మనిషి వల్ల. 1953లో, మన కర్నూలు రాజధాని అయి గుడారాల్లో ఆఫీసులు నడిపిన ఏడాదే, మూర్ఛ తగ్గించడానికని అతని మెదడులో ఆ భాగాన్ని రెండు వైపులా తీసేశారు. అతనికి అప్పుడు ఇరవై ఏడేళ్ళు. 2008లో చనిపోయేదాకా కొత్తగా కలిసినవాళ్ళను గుర్తుపెట్టుకోలేకపోయాడు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడిపించింది. రోజురోజుకూ చేయి తిరిగింది. ముందెప్పుడైనా చేశావా అంటే లేదన్నాడు. చేతికి గుర్తుంది, మనిషికి లేదు. నేను దస్తావేజు రాసింది, స్తోత్రం చదివింది కూడా అలాంటి పాత సరుకుతోనే. అతనికి యాభై ఐదేళ్ళు నడిచింది నాకు ఒక పగలు నడిచి ఆగిపోయింది. అతని గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒంటికి ఏమీ కాలేదు గానీ ధైర్యం పోయింది. కొన్ని నెలలు ప్రతిదీ చీటీ మీద రాశాను. ఆఫీసులో పార్టీలు ఎదురుగా కూర్చుని ఉండగా, ఇందాక ఈ మాట అడిగానా అని సాక్షుల మొహాలు చూసేవాణ్ణి. ఎవరి పేరైనా నోటికి రాకపోతే చెమట పట్టేది. మా ఆవిడ స్నానాల గది తలుపు గడియ పెట్టనిచ్చేది కాదు. డాక్టరు దగ్గరికి మళ్ళీ పోతే నన్ను కూర్చోబెట్టి పరీక్షలు చేసి, మీ వయసుకు ఇంత మరపు ఉంటుంది, దానికీ దీనికీ సంబంధం లేదు పొమ్మన్నాడు. మెల్లగా చీటీలు తగ్గాయి. ఎప్పుడు మానేశానో చెప్పలేను.

దాని బదులు ఇంకో రకం అనుమానం పట్టుకుంది. అది జబ్బు కాదు, కానీ పోలేదు. పోయిన పగలు సంగతి పక్కన పెట్టండి, మిగిలినవన్నీ నావేనా అని. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడినప్పుడు మా ఇంట్లో నడుము లోతు నీళ్ళని నేనంటాను. మా తమ్ముడు మోకాలి లోతే అంటాడు. ఇద్దరం అక్కడే ఉన్నాం, ఇద్దరం పెట్టెలు మేడ మీదికి మోశాం. గోడ మీద చార ఉండేది, సున్నం కొట్టించేశాం. ఇన్నేళ్ళుగా వాడు మరిచిపోయాడనుకుంటూ వచ్చాను.

ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1995లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొందరికి వాళ్ళ చిన్ననాటి సంగతులు ఇంట్లోవాళ్ళు చెప్పినట్టుగా రాసి ఇచ్చింది. మూడు నిజం. ఒకటి, షాపింగ్ మాల్‌లో తప్పిపోయి ఏడ్చినట్టు, అల్లింది. దాదాపు నాలుగో వంతు మంది ఆ జరగనిదాన్ని ఎంతోకొంత గుర్తు తెచ్చుకున్నారు. ఇంట్లోవాళ్ళు చెప్పారంటే నమ్మకుండా ఎట్లా ఉంటాం! నాకు చెప్పేవాళ్ళు ముగ్గురు, పైగా వీడియో ఒకటి.

ముగ్గురిలో మా బావ కథకే గిరాకీ. ఎప్పుడో కోవిడ్‌కు ముందు నేను ఆయనకు ఇరవై వేలు చేబదులు ఇచ్చాను, ఆయన తర్వాత తీర్చేశాడు. తీర్చిన సంగతి ఆ రోజు మూతపడిన భాగంలో ఉంది కాబట్టి, దారి పొడుగునా "బావా, నా ఇరవై వేలు ఎప్పుడిస్తావు?" అని అడుగుతూనే ఉన్నానంట. ప్రతి పెళ్ళిలో ఇది చెబుతాడు. మొదట్లో నాలుగుసార్లు అడిగానని చెప్పేవాడు. ఇప్పుడు, "మా బామ్మర్ది లెక్క ప్రకారం ఆ రోజు నేను రెండు లక్షలు బాకీ" అంటాడు. అమ్మ సంగతి ఎప్పుడూ ఎత్తడు. మరిచిపోయాడని నేననుకోను.

మొన్న మా మేనల్లుడి ఇంట్లో గృహప్రవేశంలో మళ్ళీ మొదలుపెట్టాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. నవ్వుతుండగానే నాకు కారు కనిపించింది. వెనక సీట్లో నేను, మోకాళ్ళ మీద తడి తువ్వాలు, డ్రైవింగ్ చేస్తున్న బావ భుజం, అద్దంలో ఆయన కళ్ళు, నా నోట్లోంచి వస్తున్న ఆ ఇరవై వేల మాట. ఇన్నాళ్ళకు ఒక ముక్క తిరిగొచ్చిందని సంతోషంతో మా ఆవిణ్ణి పక్కకు పిలిచి చెప్పాను. అంతా విని, "తువ్వాలు నిజమే" అంది. "కానీ నువ్వు కూచున్నది ముందు సీట్లో గదా. వీడియో ఎన్నిసార్లు చూసినావు!"